రెప్పలు వాలిపోతున్నాయి: కోయించుకోవాలా, కుట్టించుకోవాలా?

వాలురెప్పల_వాడు
రెండేళ్ళ నుంచి పైరెప్పలు రెండూ కిందికి జారుతున్నాయి. కుడివైపు మరీ ఎక్కువ. వయసు 52. ఆఫీసులో ఎవరు ఎదురైనా "రాత్రి నిద్రలేదా?" అనే అడుగుతారు. ఎనిమిది గంటలు శుభ్రంగా పడుకుని వెళ్ళినా అదే మాట. మొన్న మీటింగులో బాసు నావైపు చూసి "అంత బోరు కొడుతోందా?" అన్నాడు. పోనీ అదైనా సర్దుకోవచ్చు. సాయంత్రం ఆరు దాటాక ఏం చదవాలన్నా గడ్డం పైకెత్తాల్సి వస్తోంది. పడుకునేసరికి నుదురంతా లాగేసి తలనొప్పి. బండి నడుపుతుంటే సిగ్నల్ లైటు కోసం తల వెనక్కి వాల్చి చూస్తున్నాను.

ఇద్దరు డాక్టర్లకు చూపించాను. ఒకాయన రెండు నిమిషాలు చూసి "చర్మం ఎక్కువైంది, కోసి తీసేస్తే సరిపోతుంది" అన్నారు. రెండో ఆవిడ స్కేలు పెట్టి కొలిచి "చర్మం సంగతి తర్వాత, రెప్పను ఎత్తే కండరం పట్టు జారింది, బిగించి కుట్టాలి" అన్నారు. ఒకరు కోస్తామంటారు, ఒకరు కుడతామంటారు. నా కన్నేమైనా పాత చొక్కానా? చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

నిద్రగన్నేరు
స్కేలు తీశారంటే నా ఓటు ఆవిడకే. నాకు మూడేళ్ళ క్రితం రెండు కళ్ళకూ అయింది. ఇరవై ఏళ్ళు గట్టిరకం కాంటాక్ట్ లెన్సులు వాడాను. రోజూ రాత్రి రెప్పను పక్కకి లాగి లెన్సు తీసేదాన్ని. అలా లాగీ లాగీ, ఎత్తే కండరం చివర ఉండే పలచటి పొర రెప్పలోని గట్టి భాగాన్ని వదిలి పైకి జారిపోయిందట. లెన్సులు పెట్టుకోనివాళ్ళకు వయసుతో అదే జరుగుతుందట. కళ్ళు బాగా నలుపుకునేవాళ్ళకూ, కంటికి ఇంతకుముందు వేరే ఆపరేషన్ అయినవాళ్ళకూ కూడా.

తాడు లాగితే పైకి వెళ్ళే కిటికీ తెర అనుకోండి. గుడ్డ సాగి మడతలుపడి వేలాడితే అది ఒక రిపేరు. తాడే వదులైతే అది వేరే రిపేరు. గుడ్డ కత్తిరించినంత మాత్రాన తాడు బిగుసుకోదు.

అద్దం ముందు మీరే చూసుకోవచ్చు. కనుబొమలు ఎత్తకుండా నిలబడండి (ఇదే కష్టం, మనకు తెలియకుండానే ఎత్తేస్తాం). మడతపడ్డ చర్మాన్ని వేలితో మెల్లగా పైకి తీయండి. వెంట్రుకలున్న అంచు కనుపాపకు బాగా పైనుంటే గొడవ చర్మంది. అంచే కనుపాప మీదికి వచ్చి కూర్చుంటే గొడవ కండరానిది.

సందేహాలరావు
యాభై దాటితే రెప్పలు వాలక ఏం చేస్తాయండీ? మోకాళ్ళు అరుగుతాయి, జుట్టు రాలుతుంది, రెప్పలు వాలుతాయి. కళ్ళ దగ్గర కత్తి పెట్టించుకోవడం కొరివితో తల గోక్కోవడమే. యూట్యూబులో రెప్పల వ్యాయామాలున్నాయి, నెల రోజులు చేసి చూడండి.

నిద్రగన్నేరు
రావుగారూ, ఊడిన గుండీ వ్యాయామం చేస్తే అతుక్కుంటుందా? నేను మూడు నెలలు చేశాను. నుదుటి మీద ముడతలు బలపడ్డాయి, అంతే.

వాలురెప్పల_వాడు
అద్దం పరీక్ష చేశాను. కుడికన్నులో చర్మం తీసి చూసినా అంచు కనుపాప మీదే ఉంది. ఎడమవైపు పరవాలేదు. ఇంకో విచిత్రం, కుడిరెప్పను వేలితో ఎత్తి పట్టుకుంటే ఎడమరెప్ప కిందికి దిగింది! మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. "నాటకాలాడకండి" అంది.

నిద్రగన్నేరు
నాటకం కాదు. రెండు రెప్పలకూ మెదడు నుంచి ఒకేపాటి ఆజ్ఞ వెళ్తుంది. కుడిది బరువెక్కిందని మెదడు గట్టిగా లాగమంటే ఎడమది కూడా ఆ ఊపులోనే పైకి వెళ్ళి కూర్చుంటుంది. కుడిదానికి ఆసరా దొరకగానే అసలు బండారం బయటపడుతుంది. దీనికి హెరింగ్ సూత్రం అని పేరు. ఒక్క కుడికే చేయించుకుని, నెల తిరక్కుండా "ఇప్పుడు ఎడమది వాలింది" అని లబోదిబోమనేవాళ్ళుంటారు. మీ డాక్టరుకు ఇది తప్పకుండా చెప్పండి.

రాత్రిడ్యూటీ
నర్సును. కంటి విభాగంలో ఆరేళ్ళు పనిచేశాను. మొదటి పోస్టులో "సాయంత్రం ఆరు దాటాక" అన్న దగ్గర ఆగిపోయాను. అలసటకు ఎవరి రెప్పలైనా కాస్త వాలతాయి, నిజమే. కానీ పొద్దున బాగుండి సాయంత్రానికి బాగా దిగిపోతున్నా, ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ అన్నట్టు మారుతున్నా, వస్తువులు రెండుగా కనబడుతున్నా, నమలడానికో మింగడానికో అలసట వస్తున్నా, ఆపరేషన్ మాట పక్కనపెట్టి ముందు మయస్థీనియా గ్రేవిస్ కాదని తేల్చుకోవాలి. అందులో కండరం బాగానే ఉంటుంది, నాడి పంపే కబురే దానికి సరిగా అందదు. కొయ్యడం వల్ల లాభం లేదు, దానికి మందులున్నాయి.

చిన్న పరీక్ష ఒకటి చేస్తారు. మూసిన రెప్ప మీద మంచుముక్కల సంచి రెండు నిమిషాలు ఉంచి, తీసి కొలుస్తారు. రెప్ప 2 మిల్లీమీటర్లో ఇంకా ఎక్కువో లేస్తే అనుమానం గట్టిపడుతుంది. చలికి ఆ కబురు కాస్త బాగా అందుతుందన్నమాట. రక్తపరీక్ష కూడా ఉంది కానీ, జబ్బు కళ్ళకే పరిమితమైనవాళ్ళలో చాలామందికి అది నెగటివ్ వస్తుంది. ఆ ఒక్క కాగితం చూసి నిశ్చింతగా ఉండకూడదు.

ఇంకొకటి, ఈ చర్చ చదివే అందరికీ. రెప్ప ఉన్నట్టుండి గంటల్లో వాలిపోయి, తలనొప్పి, రెండుగా కనబడడం, ఆ కంటి పాప పెద్దదవడం లాంటివి తోడైతే ఇక్కడ పోస్టు పెడుతూ కూర్చోకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. మెదడులో రక్తనాళం ఉబ్బి, కంటినీ రెప్పనూ కదిలించే మూడో నాడిని నొక్కుతూ ఉండొచ్చు.

చుక్కలమందు
షుగర్ ఉన్న మా అన్నయ్యకు అలాగే ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మేమంతా హడలిపోయాం. స్కాన్లన్నీ చేసి, షుగర్ వల్ల నాడికి రక్తం అందలేదన్నారు. మూడు నెలల్లో దానంతటదే తెరుచుకుంది.

రాత్రిడ్యూటీ
అవును, షుగర్ వాళ్ళలో చాలామందికి అలా తగ్గుతుంది. స్కాన్లు చేశాకే ఆ మాట అన్నారు చూశారా, అదీ పద్ధతి.

పాతపుస్తకాల_పురుగు
అరమోడ్పు కన్నులని కవులు పద్యాలకు పద్యాలు రాసి మురిసిపోయారు. మీరేమో మిల్లీమీటర్లు కొలుస్తున్నారు. కాలమహిమ!

సందేహాలరావు
కవులు నాయిక కళ్ళ గురించి రాశారు, 52 ఏళ్ళ నాయకుడి కళ్ళ గురించి కాదు.

వాలురెప్పల_వాడు
రావుగారూ 😂 అయినా మా ఆవిడ పద్యాలు రాయదు, "కళ్ళు తెరిచి మాట్లాడండి" అంటుంది.

బుజ్జిగాడి_అమ్మ
పిల్లల సంగతి కూడా ఎవరైనా చెబుతారేమోనని మొదటి నుంచీ చదివాను. లేదు కాబట్టి నేనే రాస్తున్నా. మా వాడికి పుట్టుకతోనే ఎడమరెప్ప వాలి ఉంది. "ముద్దుగా ఉంది, పెద్దయితే సర్దుకుంటుంది" అన్నవాళ్ళే అందరూ. నడక మొదలెట్టాక గమనించాను, ఎదురుగా ఎవరున్నా వాడు గడ్డం గాలిలోకి ఎత్తి చూసేవాడు. తల పైకెత్తి నడుస్తూ కింద ఉన్న వస్తువులకు తట్టుకుని పడేవాడు.

డాక్టరు చెప్పింది విని గుండె జారింది. రెప్ప కనుపాపను మూసేస్తే ఆ కన్నుతో చూడడం మెదడు నేర్చుకోదట. చిన్నప్పుడు నేర్చుకోకపోతే, పెద్దయ్యాక రెప్ప ఎత్తినా చూపు రాదు. మా వాడి కనుపాప సగమే మూసుకుంది కాబట్టి నాలుగో ఏడు దాకా ఆగగలిగాం. పూర్తిగా మూసుకుపోయి ఉంటే పసిపిల్లలకైనా వెంటనే చేస్తారు. ఈలోగా మంచికన్నుకు రోజూ కొన్ని గంటలు పట్టీ వేసేవాళ్ళం. ఆ పట్టీ పీకకుండా వాణ్ణి కాపలా కాయడం ఆపరేషన్ కంటే కష్టం.

వాడి ఎత్తే కండరంలో బలమే లేదు. బిగించడానికి అక్కడేం లేదు కాబట్టి రెప్పను సన్నటి సిలికాన్ దారంతో నుదుటి కండరానికి వేలాడదీశారు. ఇప్పుడు కనుబొమ ఎగరేస్తే కన్ను తెరుచుకుంటుంది. పెద్ద పిల్లలకు తొడలోంచి తీసిన పొర కూడా వాడతారట. నిద్రలో కన్ను రెండు మిల్లీమీటర్లు తెరిచే ఉంటుంది, రాత్రిపూట ఆయింట్‌మెంట్ తప్పనిసరి. మొదటి రాత్రి నిద్రలో ఆ తెల్లటి గీత చూసి నేను పడుకోలేదు. ఇప్పుడు అలవాటైపోయింది.

నమిలితే_కన్నుకొడతా
బుజ్జిగాడి అమ్మగారూ, మీ వాడికి పాలు తాగేటప్పుడు ఆ రెప్ప ఎగిరేదా? నాది అదే. పుట్టుకతో ఎడమరెప్ప వాలి ఉంటుంది, దవడ కదిపితే మాత్రం టక్కున పైకి లేస్తుంది. దవడకు పోవాల్సిన నాడి తీగ రెప్ప కండరానికీ తగులుకుంది. 1883లో దీన్ని వర్ణించిన డాక్టరు పేరు మీద మార్కస్ గన్ అంటారు. స్కూల్లో చూయింగ్ గమ్ నములుతుంటే టీచరు "నాకే కన్నుకొడతావా" అని క్లాసు బయట నిలబెట్టింది. రెండు నేరాల్లో ఏది పెద్దదో ఇప్పటికీ తేలలేదు.

బుజ్జిగాడి_అమ్మ
లేదండీ, మా వాడిది మామూలు రకమే. కానీ మీ పోస్టు చదివి చాన్నాళ్ళకు గట్టిగా నవ్వాను.

సగంమూసిన_తలుపు
అందరూ బాగుందంటున్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. నేను అందం కోసం చర్మం తీయించుకున్నాను, ఒప్పుకుంటున్నా. మొదటి పోస్టులో ఆ మొదటి డాక్టరులాగే నా డాక్టరూ ఏ కొలతా లేకుండా "ఇంకా కాస్త తీద్దాం, ఫ్రెష్‌గా ఉంటుంది" అన్నారు. తీశారు. ఆర్నెల్లు కళ్ళు పూర్తిగా మూతపడలేదు. తెల్లారేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. ఫ్యాన్ కింద కూర్చోలేను, గంటగంటకీ చుక్కలు. తర్వాత వేరే డాక్టరు దగ్గరికెళ్తే తెలిసింది, కనుబొమ కింది అంచు నుంచి రెప్ప వెంట్రుకల దాకా దాదాపు 20 మిల్లీమీటర్ల చర్మం ఉంచాలట. నాకు అంత మిగల్చలేదు. పైగా నా కళ్ళు ముందే పొడిగా ఉండేవి, అది ఎవరూ చూడలేదు.

కన్నీళ్ళ పరీక్ష అని ఒకటుంది. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క దోపి ఐదు నిమిషాలు ఉంచి ఎంత తడిసిందో చూస్తారు. అది చేయకుండా కత్తి పట్టుకునేవాళ్ళ దగ్గర ఒక్క క్షణం కూర్చోకండి.

సందేహాలరావు
నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

నిద్రగన్నేరు
కాదండీ. మీరు అసలు వద్దన్నారు, ఆవిడ కొలవకుండా వద్దంటున్నారు.

చుక్కలమందు
కత్తి అంటే భయపడేవాళ్ళకు చుక్కలున్నాయి కదా? ఆక్సీమెటజోలిన్ 0.1 శాతం. అమెరికాలో 2020లో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పొద్దున ఒక చుక్క వేస్తే రెప్ప ఓ మిల్లీమీటరు లేస్తుంది, కొన్ని గంటలు నిలుస్తుంది. రెప్పలో ముల్లర్ కండరం అని చిన్నదొకటి ఉంటుంది, అది బిగుసుకుంటుంది.

రాత్రిడ్యూటీ
నిజమే, పెళ్ళికో ఫొటోకో పనికొస్తుంది. మందు ప్రభావం దిగితే రెప్పా దిగుతుంది. బీపీ, గుండెజబ్బు, ఒక రకం నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఇంకో మాట, ఎవరో ఒకరు చేస్తారని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నా. ముక్కుదిబ్బడకు వాడే చుక్కల్లో ఉండేదీ ఇదే మందు. అలాగని ముక్కు చుక్కలు కంట్లో వేసుకోకండి.

చుక్కలమందు
...సీసా పక్కన పెట్టేశాను.

అద్దంముందు_అరగంట
నాకు నుదుటి ముడతలకు బోటాక్స్ చేయించుకున్నాక ఒక రెప్ప వాలింది. మందు కిందికి పాకిందట. దానికి ఆపరేషన్ ఏమీ లేదు, ఓపిక పట్టడమే. ఆరు వారాలు నల్లకళ్ళద్దాలతో తిరిగాను. మొత్తానికి తేరుకుంది.

లెక్కలమాస్టారు
ఒకే ఒక్క ప్రశ్న. ఇన్సూరెన్స్ వస్తుందా రాదా?

నిద్రగన్నేరు
పాలసీని బట్టి. అందం కోసమంటే దాదాపు ఎవరూ ఇవ్వరు, చూపుకు అడ్డమని చూపించాలి. నాకు చూపు వైశాల్యం పరీక్ష రెండుసార్లు చేశారు. ఒకసారి రెప్పలు ఉన్నవి ఉన్నట్టుగా, ఇంకోసారి టేపుతో పైకి అంటించి. టేపు వేశాక పైన వెలిగే చుక్కలు ఒక్కొక్కటే కనబడుతుంటే ఇన్నాళ్ళూ నేను కోల్పోయిందేమిటో అప్పుడు తెలిసింది. ఆ రెండు పటాలూ, ఫొటోలూ జతచేశాం. ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

పాతపుస్తకాల_పురుగు
చర్మం తీసే ఆపరేషన్ పేరు బ్లెఫరోప్లాస్టీ. 1818లో ఫాన్ గ్రేఫ అనే జర్మన్ సర్జన్ పెట్టిన పేరు. గ్రీకులో బ్లెఫరాన్ అంటే రెప్ప. వాలిపోవడాన్ని టోసిస్ అంటారు, అంటే పడిపోవడం. స్పెల్లింగులో ముందు "పి" ఉంటుంది, పలకరు.

లెక్కలమాస్టారు
పలకనప్పుడు రాయడమెందుకు? దాన్నే ముందు కోసేయాల్సింది.

వాలురెప్పల_వాడు
(రెండు నెలల తర్వాత)
అయిపోయింది. రెండో డాక్టరుగారి దగ్గరే చేయించుకున్నాను. మంచు పరీక్ష, కాగితం పరీక్ష రెండూ చేశారు, రెండూ బాగానే వచ్చాయి. హెరింగ్ సంగతి నేను ఎత్తేలోపే ఆవిడే వేలితో రెప్ప ఎత్తి చూశారు. కనుపాపలో లైటు మెరిసే చుక్క నుంచి రెప్ప అంచు దాకా కొలుస్తారు. మామూలుగా 4, 5 మిల్లీమీటర్లు ఉండాలి. నాకు కుడి 1, ఎడమ 2.5. కండరం బలం మాత్రం బాగుంది, కింద చూపు నుంచి పైచూపుకి రెప్ప 13 మిల్లీమీటర్లు కదిలింది. అందుకే బిగిస్తే చాలన్నారు. రెండు కళ్ళకూ చేసి, కుడివైపు కాస్త చర్మం కూడా తీశారు. నాకు రక్తం పలచబరిచే మాత్ర ఉంది. గుండె డాక్టరును అడిగాకే, ఆయన చెప్పినన్ని రోజులు ఆపాం. సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పారు.

పూర్తి మత్తు ఇవ్వలేదు. ఎందుకో బల్లమీదే అర్థమైంది. రెప్పలో సూది దిగిన పది సెకన్లు మంట, తర్వాత ఏమీ తెలియలేదు. మూసిన కళ్ళలోంచి ఎర్రటి వెలుతురు, ఏదో కాలుతున్న వాసన (రక్తనాళాలు మూసేది అట). ఉన్నట్టుండి "లేచి కూర్చోండి" అన్నారు. మొహమంతా గుడ్డ, రెప్పలోంచి దారాలు వేలాడుతుండగా లేచి కూర్చున్నాను. "ఎదురుగా చూడండి. కనుబొమలు వదిలేయండి. వదిలేయండి అంటున్నా." డాక్టరుగారూ, ఆవిడ అసిస్టెంటూ నా ముందు కూర్చుని అటూ ఇటూ తల వంచి చూశారు. గోడకు పటం వంకరగా ఉందో లేదో చూసినట్టు. "కుడి అర మిల్లీమీటరు ఎక్కువైంది" అని మళ్ళీ పడుకోబెట్టి ముడి విప్పి కట్టారు. మూడుసార్లు లేచాను. సూదిమందులో ఉండే అడ్రినలిన్ వల్ల రెప్ప బల్లమీద కాస్త ఎక్కువే లేస్తుందట, ఆ లెక్క కూడా వేసుకుని కడతారట. మా దర్జీ కూడా ఇన్నిసార్లు కొలవలేదు.

రెండు రోజులు గంటగంటకీ చల్లటి కాపడం, తల ఎత్తుగా పెట్టుకుని పడక. మూడో రోజు అద్దంలో నన్ను నేను గుర్తుపట్టలేదు, రెండు కళ్ళూ నేరేడుపళ్ళు. ఏడో రోజు కుట్లు తీశారు. రెండో వారానికి కమిలిన రంగు పసుపులోకి మారి పోయింది. ఇప్పుడు కుడి 3.5, ఎడమ 4. అర మిల్లీమీటరు తేడా ఉంది, నాకు తప్ప ఎవరికీ తెలియడం లేదు. కళ్ళు కాస్త పొడిగా ఉంటున్నాయి, చుక్కలు వేస్తున్నా.

నిద్రగన్నేరు
కళ్ళజోడు నంబరు ఇప్పుడే మార్చకండి. రెప్ప నొక్కుడు మారాక నల్లగుడ్డు ఆకారం కొంచెం మారుతుంది. మూడు నెలలు దాటాక చూపించుకోండి. నేను తొందరపడి రెండుసార్లు అద్దాలు చేయించాను.

సగంమూసిన_తలుపు
అర మిల్లీమీటరు కోసం ముడి విప్పి కట్టారంటే అదృష్టవంతులు. నిజంగా సంతోషంగా ఉంది.

నమిలితే_కన్నుకొడతా
ఆఫీసులో ఏమన్నారు?

వాలురెప్పల_వాడు
"జుట్టుకు రంగేశారా?" అన్నారు. బాసు మాత్రం "ఏంటి అలా గుడ్లురిమి చూస్తున్నావ్, ఏమైనా తప్పన్నానా?" అన్నాడు.

సందేహాలరావు
ఊరికే అడుగుతున్నా, నాకోసం కాదు. ఆ లైటు చుక్క కొలత ఇంట్లో చూసుకోవచ్చా?

నిద్రగన్నేరు
చూసుకోవచ్చు. చిన్న లైటు ఎదురుగా పెట్టి, నేరుగా చూస్తూ ఎవరితోనైనా ఫొటో తీయించండి. కనుపాప మధ్యలో మెరుస్తున్న చుక్క నుంచి రెప్ప అంచు దాకా ఎంతో అంచనా వేసుకోండి. నల్లగుడ్డు అడ్డంగా దాదాపు 12 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని బట్టి లెక్క. కనుబొమలు ఎత్తకూడదు.

సందేహాలరావు
మనవరాలితో తీయించాను. "తాతయ్యా, కళ్ళు తెరువు" అంటుంది. తెరిచే ఉన్నానమ్మా అన్నాను. 2 కూడా లేదు.